కల్లిరోయి చేతి మేత

సితియా ఒడ్డున మా చేపల పరిశోధన కేంద్రంలో తల్లిచేపల తొట్టి కల్లిరోయిది. మయాటికో చేపలు, ఒక్కొక్కటి బారెడుంటుంది. సముద్రాన్ని ఊడ్చేయకుండా వీటిచేత ఇక్కడే గుడ్లు పెట్టించి పిల్లల్ని తీయడం మా పని. పట్టి తెచ్చిన కొత్తలో అవి బెంగపెట్టుకుని మేత ముట్టలేదు. దూరం నుంచి చల్లాలని నియమం. ఈవిడ వింటేనా? తొట్టి అంచున కూర్చుని, ఈల వేసి, స్క్విడ్ ముక్కలు చేత్తో తినిపించింది. ఒక్కోదానికి ఒక్కో పేరు కూడా పెట్టుకుంది. తిన్నాయి, గుడ్లు పెట్టాయి. ఇక ఇంకెవరు పెట్టినా ముట్టడం మానేశాయి. చేతులారా మెడకు తగిలించుకుందని నాకు ఒళ్లు మండేది.

కార్పథోస్ దీవిలో ఆమె చెల్లెలు అర్గిరో కొడుక్కి కల్లిరోయే జ్ఞానతల్లి కావాలి. జ్ఞానస్నానంలో వాడి పేరు మొదట పలకాల్సింది ఆమె, అంతవరకూ బిడ్డకు పేరుండదు. ఓడల్లో పనిచేసే మరిది ఇంటికొచ్చేది జూన్‌లోనే. చేపలు గుడ్లకొచ్చేదీ అప్పుడే. నిరుడు ఆమె కోసం వాయిదా వేశారు. వాడిప్పుడు పరుగులు తీస్తున్నాడు, అయినా పేరు లేక ఇంకా 'బుజ్జోడే'.

"నీ చేపలకి పేర్లున్నాయి, నా కొడుక్కే లేదు. ఈసారి రాకపోతే పక్కింటావిడతో కానిచ్చేస్తా అక్కా" అంది అర్గిరో ఫోన్‌లో.

ఈసారి సెలవు తీసుకుంది. చేపలకు నేను అలవాటు కావాలని ప్రయాణానికి ముందునుంచే ఇంట్లో ఉండిపోయి, తన పచ్చ రబ్బరు కోటు నాకు తొడిగి తొట్టి దగ్గరికి పంపింది. ఈల వేశాను, బతిమాలాను, తిట్టాను కూడా. అవి అడుగుకు పోయి పడుకున్నాయి. గుడ్లు ఆగిపోయాయి.

ఆమెను సాగనంపడానికి నేనూ రేవుకెళ్లాను. ఓడ ఆగి ఉండగా మా డైరెక్టర్ హద్జీస్ ఆమెకు ఫోన్ చేశాడు. "రమ్మనడం లేదమ్మా, సెలవు మీ హక్కు. చేపలు నీరసించాయి, చెప్పకపోతే బాగుండదని చెబుతున్నా."

ఆమె నా వైపు చూసింది. "రినియో, నిజం చెప్పు. అవి చచ్చిపోతాయా?"

"చస్తే చావనీ. నువ్వెక్కు."

ఎక్కలేదు. సంచి నా చేతికిచ్చి వెనక్కి నడిచింది. రేవు దాటేదాకా ఆమెను తిడుతూనే ఉన్నాను.

ఆదివారం, జ్ఞానస్నానం జరుగుతుంటే ఫోన్ నేను పట్టుకున్నాను, ఆమె చేతులు తొట్టిలో ఉన్నాయి. చేపలు ముక్కలు లాక్కుంటున్నాయి. ఫోన్‌లో ఫాదర్ బిడ్డ పేరేమిటని అడిగాడు. పక్కింటావిడ గట్టిగా పలికింది: "మినాస్."

"విన్నావా అక్కా? ఏడవకు. నీకు వీలైనప్పుడు రా" అంది అర్గిరో, కోపమేమీ లేకుండా.

"మీ బాబు చల్లగా ఉండాలి" అంది కల్లిరోయి. అది విందుకొచ్చిన పైవాళ్లు అనే మాట.