నీటిమర బొమ్మలో నా ఎదుటి చోటు

“నా ఎదురుగా ఒక మనిషి కూసునేంత చోటు వదిలిపెట్టమ్మా,” అన్నాను. “వదిలానమ్మా, అక్కడ ఎవరినీ గీయను,” అంది ఆ పిల్ల. వేరే బస్సు రాగానే జనంలో విడిపోయాము. మా ఇద్దరి చివరి మాటలు అవే.

ఆ రోజు అంచెట్టి నుంచి కృష్ణగిరి కంటి ఆస్పత్రికి పోతున్నాను. కుందారపల్లి దగ్గర టైరు పోయి బస్సు నిలిచింది. పక్క సీటులో ఈ ఆంధ్రా పిల్ల. హోసూరు ఆఫీసులో పని. సెలవు దొరికితే ఉత్తరాది కొండలకు పోయి పాత నీటిమరల బొమ్మలు వేస్తుందంట. ఒకటి చూపించింది. కొండ, వాగు, రాతి గది, లోపల పిండి విసిరే రాయి.

“దీన్ని ఎవురు తిప్పుతారు?”

“వాగు నీళ్ళేనమ్మా. గింజలు రాయి పైనున్న బుట్టలో పోసి ఇంటికెళ్ళిపోతారు.”

“అయ్యో, ఆడ మాట్లాడేదానికి ఎవురూ ఉండరా?”

ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రాగులు విసిరేటప్పుడు మా ఆయన నా ఎదుట కూర్చుని రాయి పిడి పట్టేవాడు. “ఆడోళ్ళ పని నీకేలప్పా?” అని ఊళ్ళో ఎగతాళి చేస్తే, “ఈడ కూసుంటేనే నా పెండ్లాం నాతో మాట్లాడతాది,” అనేవాడు. ఆయన పోయినాక నేను ఆ రాయి ముట్టలేదు.

అదంతా విని ఆ పిల్ల బ్రష్షు తడిపి, బొమ్మలో నీటిమర పక్కన నన్ను కూర్చోబెట్టింది. అప్పుడే నేను చోటు అడిగింది.

ఇదంతా నేను చెప్తుంటే నా చెల్లెలి కూతురు గౌరి రాస్తోంది. రాసినావా పాపా? ఒకసారి చదివి వినిపించు. మెల్లగానే చదువు, నీ బస్సుకు ఇంకా టైముంది.