రత్నం బాబాయ్ పని చెడగొట్టలేదు

నిన్న పొద్దున బస్సులో గుంటూరు వస్తుంటే ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. రత్నం బాబాయ్ ఇక లేడని.

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబుద్ధి కాలేదు.

మొన్న ఆదివారమే ఫోన్ చేశాడు. మ్యాచ్ చూస్తూ ఎత్తలేదు. తర్వాత చేద్దాంలే అనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆయన మా నాన్నకి తమ్ముడి వరస. పొన్నూరు రోడ్డులో చిన్న షెడ్డు. తలుపులకీ బీరువాలకీ పాలిష్ పని. థిన్నర్ కలిపిన లక్కర్ ఏళ్ల తరబడి స్ప్రే చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇక స్ప్రే గన్ ముట్టుకోవద్దని డాక్టర్ తేల్చి చెప్పేశాడు.

అప్పుడు మొదలుపెట్టాడు వాటర్ బేస్డ్ ఫినిష్, థిన్నర్ బదులు నీళ్లతో కలిపే పూత. ఘాటు ఉండదు, ఆయాసం రాదు. అందులోనూ మ్యాట్, అంటే మెరుపు లేనిది. పూసినా చెక్క చెక్కలాగే కనిపిస్తుంది.

మన ఊళ్లో ఎవరికి కావాలి అది? తలుపులో ముఖం కనపడాలి మనకి.

"పాలిష్ చేయించాక కూడా మెరవకపోతే ఎట్టాగయ్యా రత్నం?" అని వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయేవాళ్లు.

పది మంది చూసే చోట ఒక్క పని పడితే చాలు, ఆ తర్వాత నాకు ఢోకా లేదు అనేవాడు బాబాయ్. ఆ ఒక్క పనీ మా చర్చి గిటార్.

పాత ఎలక్ట్రిక్ గిటార్. రంగంతా పెచ్చులు లేచిపోయింది. చర్చిలో వాయించేది నేనే కాబట్టి షెడ్డుకి తీసుకెళ్లింది కూడా నేనే. అది బాగా కుదిరితే చర్చి బల్లలన్నీ ఆయనకే ఇస్తామని సంఘ పెద్ద మాట ఇచ్చాడు.

ఆ వారం రోజులూ బాబాయ్‌ని చూడాల్సింది.

మిర్చి సీజన్. గాల్లో అంతా ఎర్ర దుమ్ము. షెడ్డు ఊడ్చి, నేల మీద నీళ్లు చల్లి, గుమ్మానికి తడి దుప్పటి కట్టాడు. ఒక్క నలుసు పడినా పూత పాడవుతుందట. పాత రంగు గీకేశాడు. చెక్కని తడిగుడ్డతో తుడిచాడు. ఆరాక లేచిన నూగునంతా గరుకు కాగితంతో రుద్దాడు. నీళ్ల పూత వేస్తే ఎలాగూ లేస్తుంది కదా, ముందే లేపి తీసేస్తే సరి అన్నాడు.

సాయం చేద్దామని నేను డబ్బా పట్టుకుని గిలక్కొట్టబోయాను.

"ఒరేయ్, ఊపమాక! బుడగలొస్తాయి. అడుగు నుంచి మెల్లగా కలుపు. మ్యాట్ పొడి అంతా అడుగునే పడుకోనుంటది."

నాలుగు పూతలు. పల్చగా, చెక్క గీతల వెంబడే. పూతకీ పూతకీ మధ్య ఆరబెట్టి మళ్లీ రుద్దటం. అయిపోయాక చూస్తే చెక్క గీతలన్నీ కనపడుతున్నాయి. చెయ్యి వేస్తే మెత్తగా ఉంది.

గిటార్ నా చేతికిస్తూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"పైకి ఆరినట్టే ఉంటది గానీ లోపల పచ్చిగా ఉంటదిరా. ఇరవై రోజులు దీన్ని రుద్దమాకండి. ప్రార్థన చేసి నూనె రాస్తారుగా, అది కూడా ఇరవై రోజులాగి రాయమను. పాస్టర్ గారికి నువ్వే చెప్పాలి."

సరే అన్నాను.

చెప్పలేదు.

మర్చిపోయి కాదు. నాలుగో రోజునే చర్చిలో కూటాలు. చెప్తే గిటార్ పక్కన పెట్టేస్తారు. ఆ గిటార్‌తో స్టేజి ఎక్కాలని నాకు ఆత్రం.

కూటాల్లో గిటార్‌ని బల్ల మీద పెట్టి ప్రతిష్ఠ చేశారు. పాస్టర్ గారు ఒలీవ నూనె ధారాళంగా పోశారు. పెద్దలంతా తలా ఒక చెయ్యి వేశారు. కారుతోందని ఒకాయన టర్కీ టవల్ తీసుకుని గట్టిగా తుడిచాడు.

మధ్యలో జిగట. చుట్టూ మెరుస్తున్న మరకలు. నాలుగు వేళ్ల అచ్చు ఒకటి.

సంఘ పెద్ద గిటార్ పైకెత్తి అందరికీ చూపించాడు. "రత్నం నీళ్ల రంగు చూశారా! నూనె చుక్కకే ఆగలేదు. రేపు బల్లల మీద మనుషులు కూర్చుంటే ఏం ఆగుద్ది?" అందరూ నవ్వారు.

బాబాయ్ ఆఖరి వరసలో కూర్చుని ఉన్నాడు. నా వైపే చూశాడు.

నేను స్పీకర్ వైరు సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

బల్లల పని వేరేవాళ్లకి వెళ్లింది. ఆ తర్వాత ఏ పనీ రాలేదు. షెడ్డు మూసేసి మిర్చి కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరాడు. పాడైన ఊపిరితిత్తులతో, ఆ ఘాటులో, ముక్కుకి తువ్వాలు కట్టుకుని రెండేళ్లు. చివరికి ఆ ఊపిరే ఆగిపోయింది.

నిన్నటి నుంచి అందరి స్టేటస్సుల్లోనూ ఆయనే. "గొప్ప పనివాడు", "మంచి కళాకారుడు". ఆ రోజు నవ్వినవాళ్లే. సంఘ పెద్ద అయితే పూలదండ బొమ్మ కూడా పెట్టాడు. మీరు ఆ స్టేటస్సులు తీసేస్తే బాగుంటుంది. మీ మీద నోరు పారేసుకునే హక్కు నాకు లేదని తెలుసు. మీకు తెలియక నవ్వారు. నేను తెలిసీ ఊరుకున్నాను.

ఇవాళ పొద్దున పిన్ని దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను.

పిన్ని ఏడవలేదు, తిట్టలేదు. "ఇప్పుడు చెప్తే ఎవరికిరా?" అంది. అని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం నాలుగింటికి చర్చిలో ఆరాధన, ఆ తర్వాత సమాధి. పాటలకి నన్ను గిటార్ వాయించమన్నారు. వాయించను. మైకు తీసుకుని, ఇక్కడ రాసిందంతా ఆయన పెట్టె పక్కన నిలబడి చెప్తాను. వినాలనుకున్నవాళ్లు రండి.

బాబాయ్, వెళ్లిరా. దుమ్మూ ఘాటూ లేని చోట గుండెల నిండా గాలి పీల్చుకో. నీకు శాంతి దొరకాలి. నాకు దొరక్కపోయినా పర్లేదు.