కమీషన్ లేదని రాసి ఉంది

ఈ సంగతి ముందే రాయకపోవడానికి కారణం అక్షరాలు రాకపోవడం కాదు. యాభై దాటాక చర్చిలో సాయంత్రం బడికి వెళ్లి నేర్చుకున్నాను, అప్పటికే వచ్చేశాయి. చదువు మీదే కోపం వచ్చి, రాసుకునే పుస్తకం అటక మీద పడేశాను. దాన్ని మళ్లీ దించడానికి రెండేళ్లు పట్టింది.

మాది భీమవరం దగ్గర పల్లె. నేనూ, మా ఆయనకు అక్క అయిన మా వదినా మార్కెట్లో చేపలు కొని, గంపలతో ఊళ్లు తిరిగి అమ్ముతాం. చర్చి వాళ్లు యెరూషలేము యాత్ర వేస్తే ఇద్దరం పేర్లిచ్చాం. టిక్కెట్టు డబ్బు ఏళ్ల తరబడి కట్టాం. అక్కడి ఖర్చులకు ఒక్కొక్కరూ మూడు వందల డాలర్లు ఆదివారంలోగా చూపించాలనీ, లేకపోతే పేరు తీసేస్తామనీ పాస్టరుగారు చెప్పారు. ఇద్దరి దగ్గరా తలా ఇరవై ఆరు వేల నాలుగు వందలు ఉన్నాయి. డాలరు ఎనభై ఎనిమిది దాటదని విని, సరిగ్గా అంతే దాచాం.

సోమవారం డాలర్లు కొనడానికి వెళ్లి రాజమండ్రిలో బస్సు దిగగానే వదిన, "రావే, నాలుగు కొట్లు అడిగి చూద్దాం" అంది.

"నువ్వు తిరుగు వదినా. నాకు చదవడం వచ్చు కదా" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ గొంతులో చేప ముల్లులా ఉంది.

డాలర్లమ్మే ఒక కొట్టు అద్దాల తలుపు మీద తెలుగులో "కమీషన్ లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను. అచ్చులో ఉన్నది అబద్ధం కావచ్చని నాకు తోచలేదు. అంతవరకూ నేను చదివిన పుస్తకం బైబిలు ఒక్కటే.

లోపల చల్లగా ఉంది. కౌంటరు దగ్గరి ఆవిడ కుర్చీ చూపించి, డాలరు తొంభై రెండు అంది. బేరం నాలుక చివరిదాకా వచ్చింది. బేరమాడితే చేపలమ్మే మనిషినని తెలిసిపోతుందని నోరు మూసుకున్నాను. సంతకం పెట్టమంది. వేలిముద్ర కాదు, సంతకం. ఆ సంబరంలో పెట్టేశాను. ఇరవై డాలర్ల నోట్లే ఉన్నాయంటూ రెండు వందల ఎనభై డాలర్లూ, మిగిలిన ఆరు వందల నలభై రూపాయలూ చేతిలో పెట్టింది. తక్కువైందని తిరిగి ఇవ్వబోతే, "వెనక్కి తీసుకోవాలంటే మేం కొనే రేటు ఎనభై మూడండి" అంది.

బస్టాండులో వదిన నా డాలర్లు లెక్కపెట్టించింది.

"కమీషన్ లేదని రాసుంది వదినా."

"కమీషన్ లేకపోతే ఆ ఏసీ ఎవడి డబ్బుతో తిప్పుతున్నారే? మనం బొచ్చె చేప కొన్న రేటుకే అమ్ముతున్నామా ఏంటి?"

తను మూడు కొట్లలోనూ ఒకే మాట అడిగిందట: "మూడొందల డాలర్లు నా చేతిలో పెట్టాలంటే, అన్నీ కలిపి ఎంతవుద్దండి?" మూడు జవాబులూ పట్టుకుని నాలుగో కొట్లో బేరమాడి, ఎనభై ఏడున్నరకు తెచ్చుకుంది. పైన నూట యాభై మిగిలాయి. నాకు తెలియని విద్యా అది? ముప్పై ఏళ్లు చేసిన పనే. నాలుగు అక్షరాలు వచ్చేసరికి అది నాకు చిన్నతనమైపోయింది.

బస్సులో వదిన, "తగ్గింది నేనేస్తాలే. ఊరంతా చెప్తాననుకో" అని నవ్వింది.

వద్దన్నాను. ఇరవై డాలర్లకు ఇంకా పదకొండు వందల పది రూపాయలు కావాలి. ఆదివారానికి మధ్యలో ఐదు రోజులున్నాయి. ఆవిడ డబ్బుతో ఆ దేవుడి ఊళ్లో అడుగు పెట్టలేను.

మర్నాడు చీకటితోనే లేచి, పుస్తకం అటక మీద పడేసి, వదిన కంటే ముందే మార్కెట్టుకు వెళ్లాను. మూడు చోట్ల ధర అడిగి, నాలుగో చోట కొన్నాను. ఎప్పుడూ వెళ్లని రెండు ఊళ్లు కూడా తిరిగాను.