మేస్త్రి తొట్టిలో బొగ్గు

మా వదిన రోస్‌వీటా నడిపిన ట్రామ్ ఎవరి కోసమూ ఒక్క క్షణం ఎక్కువ ఆగిన పాపాన పోలేదు. మా అన్న కాజిమిర్‌ని ఆమె మొదటిసారి చూసింది కూడా ట్రామ్ అద్దంలోనే. వాడు వెనకాల టోపీ పట్టుకుని పరుగెత్తుకొస్తుంటే, చూసి, చెయ్యి ఊపి, తలుపు మూసి వెళ్లిపోయిందట. మర్నాడు వాడు అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు. పెళ్లయ్యాక జీవితంలో దేనికీ ఆలస్యం చెయ్యలేదు. చివరికి చావుకి కూడా ముందే వెళ్లిపోయాడు.

జర్మనీలోని హెర్నెలో మా వీధి మగవాళ్లంతా బొగ్గు గనిలో దిగినవాళ్లే. గని మూతపడ్డాక పైన ఏం చెయ్యాలో తెలియక కొందరు పావురాలు పెంచారు, కొందరు చేపలు పెంచారు. అన్నా నేనూ చేపల వైపు వెళ్లాం. పావురం ఎగిరిపోతే తిరిగొచ్చేదాకా మెడ ఎత్తుకుని చూడాలి. చేపకైతే పోవడానికి వేరే చోటు లేదు.

చేపలు పెంచేవాళ్ల సంఘంలో నాకు పెద్ద పేరుండేది. ఆ పేరు నేను పెట్టుకున్నదే. నా చేపలు నా అడుగుల చప్పుడు గుర్తుపడతాయనీ, శుక్రవారం వస్తే మాత్రం రాళ్ల వెనక దాక్కుంటాయనీ, ఇది శుక్రవారం మాంసం మాని చేపలు తినే కాథలిక్కుల ఇల్లని వాటికి తెలుసనీ చెప్పేవాణ్ణి. కొత్త సభ్యులు నమ్మేవాళ్లు, పాతవాళ్లు అబద్ధమనేవాళ్లు. నన్ను చదివించిన కాన్వెంటులో సిస్టర్ ఆడెల్‌గుండిస్ అని ఒకావిడ ఉండేది. అబద్ధాలాడితే నాలుక మీద తెల్లమచ్చలు లేస్తాయని ఆవిడ హెచ్చరిక. ఎన్నో ఏళ్లు పొద్దున్నే అద్దంలో నాలుక చూసుకున్నాను, ఒక్క మచ్చా రాలేదు. తీరా వచ్చేటప్పటికి అవి నా నాలుక మీద కాకుండా మా వదిన చేప మీద లేచాయి.

ఆ చేప సంగతి చెప్పాలి. గని మూసిన ఏడాది మా అన్న కొన్న గుంపులో మిగిలింది అదొక్కటే. నారింజరంగు ఒంటి మీద నల్లటి పట్టీలు, మూతికి పిల్లిమీసాలు. నా మనవళ్లకి చెప్పేటప్పుడు కుక్కపిల్లంత అంటాను కానీ, నిజానికి జానెడు. దానికొక పాడు అలవాటుంది. రాతి మీద పక్కకి వాలి, అచ్చం చచ్చినట్టు పడుకుంటుంది. మా గనిలో మేస్త్రి ఒకడు కప్పుకి ఆనించిన దుంగలు సరిగా ఉన్నాయో లేదో చూసొస్తానని వెళ్లి అలాగే పడుకునేవాడు. అందుకని మా అన్న దానికి మేస్త్రి అని పేరు పెట్టాడు. మేత నచ్చితే మాత్రం అది టక్ టక్ మని గొంతుతో చప్పుడు చేస్తుంది. గాజు బయటికి కూడా వినిపిస్తుంది.

అన్న పోయాక వదిన పొద్దున్నే ముందు మేస్త్రికి మేత వేసి, ఆ చప్పుడు విన్నాకే తను కాఫీ తాగేది. ఎందుకని అడిగితే, ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుందని ఒకే ఒక్కసారి అంది.

ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకి నేను చేపల సంతనుంచి ఎర్రచార నీలిచార మెరిసే చిన్న చేపలు సంచి నిండా తెచ్చాను. కొత్త చేపని తిన్నగా పాత తొట్టిలో వెయ్యకూడదు, వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచి చూడాలన్నది మా సంఘం నియమం. ఏటా వసంతకాలంలో సభ్యుల ముందు ఆ నియమం మీద ఉపన్యాసం ఇచ్చేది నేనే. కొత్త చేప కొత్త అల్లుడి లాంటిది, ముందు వసారాలో కూర్చోబెట్టి తీరు చూడాలి అని మొదలుపెడతాను. ఆ మాటకి ఏటా నవ్వుతారు.

ఆ రోజు హాలు నిండా చుట్టాలు, బల్ల మీద కేకు, అందరి కళ్లూ నా చేతిలోని సంచి మీద. అటువంటప్పుడు, వీటిని మూడు వారాలయ్యాక చూద్దురుగాని అంటే ఎవరు చప్పట్లు కొడతారు? సంచి తిన్నగా తొట్టిలో వంచాను. చప్పట్లు కొట్టారు. వదిన ఒక్కతే కొట్టలేదు.

"వసారా అవసరం లేదా వీటికి?" అంది.

"ఇవి మంచి కుటుంబంలోవి వదినా," అన్నాను.

ఆ మంచి కుటుంబం వారం తిరక్కుండానే తన బుద్ధి చూపించింది. అదే ఇంటి పై అంతస్తులో ఉండే నాకు వదిన కబురు పెడితే దిగి వెళ్లాను. మేస్త్రి రెక్కల మీద ఎవరో బొంబాయి రవ్వ చల్లినట్టుంది. ఒళ్లు రాళ్లకేసి రుద్దుకుంటున్నాడు. తెల్లమచ్చల జబ్బు. చేపలు పెంచే ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. చిన్నచేపలు తట్టుకుంటే తట్టుకుంటాయి. మేస్త్రి జాతికి మాత్రం పొలుసు సరిగా ఉండదు, జబ్బూ ముందు వాళ్లకే పడుతుంది, మందూ వాళ్లకే పడదు.

ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ మచ్చ ఒక పురుగు వదినా, చర్మం కింద దూరి చేపని తింటుంది, అక్కడ ఉన్నంతసేపూ ఏ మందూ దాన్ని తాకదు, పెరిగాక ఊడి అడుగున పడుతుంది, అక్కడ ఒకటి వందలై మళ్లీ చేప కోసం ఈదుతుంది, చంపితే అప్పుడే చంపాలి అని వివరించాను. ఇంకా శాస్త్రీయంగా చెప్పబోతుంటే ఆమె అడ్డం వచ్చింది.

"అంటే ట్రామ్‌లో కూర్చున్నంతసేపూ టికెట్ లేనివాణ్ణి ఏం చెయ్యలేం. దిగి రోడ్డున పడ్డప్పుడు పట్టుకోవాలి. అంతేగా? ఇంతదానికి అంత ఊపిరెందుకు?"

వైద్యం నా చేతిలోకి తీసుకున్నాను. నీటి వేడి మెల్లగా పెంచాను. వేడినీళ్లలో గాలి తక్కువుంటుంది కాబట్టి బుడగల యంత్రం పెట్టాను. మందు సగం మోతాదు పోశాను. తొట్టి నెమలిరంగులోకి తిరిగింది. అంతవరకూ తప్పు లేదు. ఆ పైన నా బుర్రకి ఒక ఆలోచన వచ్చింది. నీళ్లు శుభ్రంగా ఉంటే చేప త్వరగా కోలుకుంటుంది కదా, శుభ్రం చెయ్యడానికి బొగ్గుని మించింది ఏముంది? ఫిల్టర్‌లో బొగ్గు గుళికలు మామూలుగా పోసేదానికి రెండింతలు మేజోడులో కూరి పెట్టాను. ఈ ఊరిని తాతల నాటినుంచీ బతికించింది బొగ్గు. ముసలి చేపనొకదాన్ని బతికించలేదా?

సాయంత్రానికి తొట్టి అద్దంలా తేటపడింది. మందు బాగా ఒంటబట్టిందని చెప్పాను. మర్నాడు మళ్లీ పోశాను, మళ్లీ తేటపడింది. కొన్నాళ్లకి మచ్చలు రాలిపోయాయి. ఆ గురువారం మందు ఆపేసి, సంఘంలో లేచి నిలబడి, ఈ జబ్బు నన్ను చూస్తేనే పారిపోతుందని ప్రకటించాను. నా గ్లాసు ఇంకా ఖాళీ కాకముందే వదిన ఫోన్ చేసింది. మచ్చలు తిరిగొచ్చాయి, ఈసారి రవ్వ కాదు, ఉప్పు బస్తా విప్పినట్టున్నాయి. నేను తెచ్చిన చిన్న చేపలు కొన్ని వెల్లకిలా తేలుతున్నాయి. మేస్త్రి మేత ముట్టడం లేదు.

వెళ్లేసరికి వదిన కాఫీ పాత్ర చల్లారిపోయి ఉంది. ఎవరూ తాగలేదు. ఆమె తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏవాల్ట్, నీ మందు ఎటు పోతోంది?"

"చేపలు తాగేస్తున్నాయి వదినా."

"పొద్దున అంత నెమలిరంగు తాగి సాయంత్రానికి మామూలుగా ఉన్నాయా? మొదటిరోజు తొట్టి తుడిచిన గుడ్డకి రంగు ఇంకా వదల్లేదు, నిన్నటి గుడ్డ తెల్లగా ఉంది. ఎవరో మింగుతున్నారు."

చేతులు మోచేతులదాకా పైకి మడిచి, ఫిల్టర్ మూత తీసి, లోపలి నుంచి మేజోడు లాగింది. నల్లగా, లావుగా, నీళ్లు కారుతూ బయటికి వచ్చింది.

"ఇదేంటి?"

"బొగ్గు," అన్నాను. అంటుండగానే నాకూ అర్థమైంది. నీళ్లలో ఏది కలిపినా పీల్చేసేది బొగ్గు. మురికే కాదు, మందు కూడా. ఇన్నాళ్లూ నేను వైద్యం చేస్తున్నది మేస్త్రికి కాదు, మేజోడుకి. మేజోడు మాత్రం పుష్టిగా ఉంది.

వదిన దాన్ని బకెట్‌లో పడేసింది. "నలభై ఏళ్లు మీ అన్న చొక్కాల్లోంచి బొగ్గు వదలగొట్టాను. ఆయన పోయాక అయినా వదిలిందనుకున్నా. నువ్వు మోసుకొచ్చావా?"

సిస్టర్ ఆడెల్‌గుండిస్ ఉంటే మోకాళ్ల మీద నిలబెట్టేది. వదిన అంతకంటే కఠినురాలు. నాకు గొట్టం ఇచ్చి అడుగు రాళ్ల మధ్య పడ్డదంతా లాగెయ్యమంది. నీళ్లు నోటితో పీల్చి మొదలుపెట్టాలి. మొదటి గుక్క నేనే మింగాను. ఎందుకో ఆమెకి అది న్యాయంగానే అనిపించినట్టుంది.

బొగ్గు లేకుండా మళ్లీ మందు పోశాం. ఈసారి తొట్టి నెమలిరంగులోనే నిలిచింది. ఆ రంగులో మేస్త్రి ఎలా ఉన్నాడో సరిగా కనిపించేదే కాదు. కొన్నాళ్లకి మచ్చలు మళ్లీ రాలాయి. ఇక చాలు, మందు ఆపేసి బీరు తెస్తానన్నాను. వదిన ఒప్పుకోలేదు. బండి ఖాళీగా కనిపించినంత మాత్రాన మధ్యదారిలో వదిలేసి ఇంటికి పోతామా, చివరి స్టేషన్ దాకా నడపాలి అంది. పోయినసారి నేను దిగిపోయింది సరిగ్గా అక్కడే కదా. కూర్చున్నాను.

మచ్చలు పూర్తిగా పోయినా మేస్త్రి తినలేదు. ఒకరోజు వెళ్లేసరికి రాతి మీద పక్కకి పడి ఉన్నాడు. మామూలుగానే అలా పడుకుంటాడని తెలుసు. అయినా రెక్క కదల్లేదు, దవడ కదల్లేదు. నేను గాజు తట్టాను. కదల్లేదు. వంటింట్లో వదిన బంగాళాదుంపలు తురుముతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమెకి ఎలా చెప్పాలో తెలియలేదు. నా జీవితంలో మొదటిసారి, కల్పించడానికి ఒక్క ముక్క కూడా దొరకలేదు. టోపీ తీసి, కాన్వెంటులో నేర్చుకున్న ప్రార్థన మొదలుపెట్టాను. సగంలో మర్చిపోయి అన్నం ముందు చేసే ప్రార్థనలోకి పోయాను. చేప ముందు అది బాగోదని గుర్తొచ్చి ఆగాను.

వదిన తడిచేతులతో వచ్చి నా వెనక నిలబడింది. నా టోపీ చూసింది, తొట్టి చూసింది. వెళ్లి నత్తమాంసం ముక్క తెచ్చి నీళ్లలో వేసింది. అది మెల్లగా దిగి మేస్త్రి మూతి పక్కన పడింది. ఇద్దరం తొట్టి మీదికి వంగి చూశాం. మీసం ఒకటి కదిలింది. తర్వాత రెండోది. ముక్క మాయమైంది.

టక్.

"టోపీ పెట్టుకో," అంది వదిన. "వాడు నిద్రపోతుంటే పక్కన మాటలు గిట్టవు." వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టింది. రెండు కప్పుల చప్పుడు వినిపించింది.

నాకు మాత్రం శిక్ష తప్పలేదు. ఆనాటినుంచీ ఆ ఇంట్లోకి నేనేం తెచ్చినా ముందు మెట్ల మీద ఉండాలి. పువ్వులు, క్రిస్మస్ కానుక, సాసేజీలు, అన్నీ. మొన్న ఆమె పుట్టినరోజుకి కేకు పట్టుకెళ్లాను. తలుపు కొద్దిగా తీసి, కేకుని చూసి, నన్ను చూసి, వసారాలో కూర్చోండి, తీరు చూస్తాం అని తలుపు వేసేసింది. మెట్టు మీద కేకుతో కూర్చున్నాను. లోపల మేత వేసినట్టుంది. తలుపు వెనకనుంచి టక్ టక్ మని వినిపించింది. మేస్త్రి నా మీద ఫిర్యాదు చేస్తున్నాడని సంఘంలో చెప్పాను. ఈసారి ఎవరూ అబద్ధమనలేదు.