మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టిన టీచరమ్మ

మా టీచరమ్మ పోయారన్న కబురు నాకు నడుస్తున్న బండిలో అందింది. నేను రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగంలో ఉన్నాను. హౌరా నుంచి వస్తున్న బండి సాంత్రాగాఛి దాటింది. ఒకాయన జేబులన్నీ తడుముకుంటూ "ఇక్కడే పెట్టాను దీదీ" అంటున్నాడు. అప్పుడు మా అమ్మ ఫోను. "మీ టీచరమ్మ పొద్దున్న ఎల్లిపోయినారే. టీ అడిగినారట, మరదలు తెచ్చేలోగా అయిపోనాదట." ఆ టికెట్ లేని ఆయన్ని అలాగే వదిలేసి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయినావిడ మీద కాదు, బతికున్న ఒకాయన మీద.

ఆ ఒకాయన అప్పట్లో మా బడి కమిటీకి సెక్రటరీ. పదవి పోయి ఎన్నేళ్ళయినా మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో అందరూ ఆయన్ని సెక్రటరీ గారనే పిలుస్తారు. టీచరమ్మని ఉద్యోగంలోంచి తీసేసింది ఆయనే. ఆవిడ సమాధి మీద మట్టి ఆరకముందే బడిలో సంతాప సభ పెట్టారు, దానికి అధ్యక్షుడు ఎవరయ్యా అంటే ఆయనే! "నువ్వూ రెండు మంచి ముక్కలు మాటాడమ్మా" అని నాకు ఫోను చేసింది కూడా ఆయనే. అలాగేనండీ అన్నాను. ఆవిడ తప్పేమీ లేకుండా తీసేశానని నలుగురి ముందూ ఆయన నోటితో అనిపించాలని పాతికేళ్ళుగా నా పంతం. ఆవిడ బతికుండగా అనిపించలేకపోయాను. పోయాకైనా అనిపించకపోతే నాకీ నోరెందుకు?

ఆవిడ ఎవరో తెలియనివాళ్ళకి చెప్పాలి కదా. న్యూ సెటిల్‌మెంట్‌లో మా తెలుగువాళ్ళ కమిటీ నడిపే చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో ఎనిమిదో తరగతికి చరిత్ర చెప్పేవారు. పొట్టి మనిషి. గంజిపెట్టిన నూలు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సైకిల్ మీద వచ్చేవారు. సుద్దముక్కలు జేబురుమాల్లో మూట కట్టుకునేవారు, విరిగిన తునకని కూడా పారేసేవారు కాదు. మేమంతా వర్క్‌షాపు వాళ్ళ పిల్లలం. మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఈ బెంగాలీ ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా పడమటికి ఎలా జరిగిందన్నది మాకెందుకు చెప్పండి? పుస్తకంలోనూ అది రెండున్నర పేజీలే. ఇంకొకరైతే ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీయించి, బట్టీ పట్టమని వదిలేసేవారు. ఈవిడ ఆ రెండున్నర పేజీల మీద నెల రోజులు కూర్చున్నారు.

"పుస్తకంలో 'విస్తరించింది' అని ఎక్కడుంటే అక్కడ పక్కన పెన్సిల్‌తో రాసుకోండర్రా, 'ఎవుళి మీదికి?' అని." ఇది మొదటి రోజు మాట. నాకు ఇప్పటికీ పేపర్లో ఆ మాట కనిపిస్తే చెయ్యి పెన్సిల్ కోసం వెతుక్కుంటుంది.

అమెరికాలో ఉత్తర రాష్ట్రాల సంగతి వర్క్‌షాపు సైరన్‌తో చెప్పారు. "మీ నాన్నలు సైరన్ కూసీసరికి సైకిలెక్కుతారు కదా. అక్కడ బతుకంతా అలాగ ఫ్యాక్టరీ గంట మీద నడిసీది." బానిసల చేత పత్తి ఏరించిన దక్షిణ రాష్ట్రాల పాఠానికి గింజలు తీయని పత్తి తెచ్చి తలా గుప్పెడు పంచారు. పీరియడ్ అంతా గింజలు తీశాం. ఒకడు ఉత్సాహంగా లేచి "టీచర్, మనలో సగం మంది బానిసలుగా ఆడదాం" అన్నాడు. ఆవిడ మొహం మారిపోయింది. "మనుషుల్ని అమ్మిన సంగతి ఆట కాదు నాయనా, అది నేను ఆడించను. ఒక్క పీరియడ్‌కే నీ వేళ్ళు పీకుతున్నాయి కదా? జీతం లేదు, ఇంటికెల్లే దారి లేదు, కన్నబిడ్డని ఎప్పుడు అమ్మేస్తారో తెలీదు. బతుకంతా అలాగేనని అనుకో." ఆదివారం గోల్‌బజార్‌కి పోయి, ఏదో ఒక గుడ్డ పట్టుకుని దీని పత్తి ఎక్కడ పండిందో, ఎవరు ఏరారో కొట్టువాళ్ళని అడిగి రమ్మన్నారు. కొనే మొహాలు కావని కొట్టువాళ్ళు మమ్మల్ని అదిలించి పంపేశారు. "మంచిది, ఆ జవాబే రాసుకోండి" అన్నారు టీచరమ్మ.

ఇక పడమర. మన ఊళ్ళో పట్టాలు పడకముందు ఎవరుండేవారో ఇంట్లో అడిగి రమ్మన్నారు. "ఎవుళూ లేరే, అంతా అడివి, కాళీ నేల" అన్నాడు మా తాత. వాకిట్లో ఆకుకూరలు దించుతున్న సంతాలీ తెగ ముసలావిడ బెంగాలీలో, మావాళ్ళు ఉండేవారు కదా బాబూ, అంది. మా తాత వినిపించుకోలేదు. ఇది క్లాసులో చెబితే అందరూ నవ్వారు, టీచరమ్మ నవ్వలేదు. "అక్కడా అదే అన్నారమ్మా, కాళీ నేల అని" అన్నారు.

తర్వాతి సోమవారం నేల మీద సుద్దతో గీత గీశారు. తలుపు వైపు ఒక్క వరస తూర్పు నుంచి వచ్చినవాళ్ళది. మిగతా క్లాసంతా పడమటి వైపు, ముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్ళది, అంటే మాది. "ఈకలు పెట్టుకుని గెంతడాలు, ఊళలెయ్యడాలు ఉండవు. ఇల్లూ వాకిలీ ఉన్న మనుషులు వాళ్ళు" అని ముందే చెప్పారు. రోజూ గీత కొంచెం మా మీదికి జరుగుతుంది. మేం వెనక్కి సర్దుకోవాలి, చోటు చాలనివాళ్ళు బయటికి పోవాలి. జరిపినప్పుడల్లా తూర్పువాళ్ళ నాయకురాలు కాగితం రాసి సంతకం పెట్టాలి: ఇదే ఆఖరుసారి, ఇక జరపము. మర్నాడు మళ్ళీ జరపాలి. వచ్చే సోమవారం వంతులు మారతాయి, అప్పుడు మేం జరుపుతాం.

నాయకురాలు సెక్రటరీ గారి అమ్మాయి. నా ప్రాణస్నేహితురాలు. గురువారం నా డబ్బాలో పులిహోర తింటూ "రేపు నీ బెంచీ జరపను, ఒట్టు" అని నా తల మీద చెయ్యి పెట్టింది. శుక్రవారం చివరి పీరియడ్‌లో వాళ్ళవాళ్ళంతా "జరుపు జరుపు" అని బల్లలు బాదితే జరిపేసింది. మేం తొమ్మిది మందిమి సంచులు పట్టుకుని పడమటి వరండాలోకి పోయాం. ఎండ సరిగ్గా మొహాన కొడుతోంది. కిటికీలోంచి చూస్తే లోపల మా బెంచీలు సగం ఖాళీగానే ఉన్నాయి. వాళ్ళకి అవసరం కూడా లేదు! ఆ గంటలో నాకు తెలిసిన చరిత్ర మరే పుస్తకంలోనూ దొరకలేదు. టీచరమ్మకి నేను రుణపడింది ఆ గంటకే.

శనివారం పొద్దున్నే సెక్రటరీ గారు దబదబా క్లాసులోకి వచ్చేశారు. వెనకాల కళ్ళు ఉబ్బిపోయిన కూతురు.

"నిన్న సాయంత్రం నుంచి నా పిల్ల మెతుకు ముట్టలేదు. పిల్లల్ని ఎండలో బయట కూకోబెట్టడమేటి? ఇదేటి సదువు?"

నేను లేచాను. "సార్, బయట కూకున్నది మేం. తను లోపలే ఉంది."

"కూర్చో!" అన్నారు టీచరమ్మ. నా మీద ఆవిడ గొంతు లేవడం అదొక్కసారే. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి మెల్లగా "ఏటమ్మా, నువ్వేటైనా సెప్తావా?" అన్నారు. ఆ పిల్ల తల దించేసింది. టీచరమ్మ సెక్రటరీ గారితో "ఠీక్ హై సార్, తప్పు నాదే" అన్నారు.

సోమవారం ఆవిడ లేరు. సైన్సు టీచరు వచ్చి ఆ రెండున్నర పేజీల్లో గీతలు గీయించి పోయారు. నా వంతు రాలేదు.

రాకపోతే ఊరుకుంటానా? లోపల హాయిగా కూర్చున్నది తను, ఇంటికెళ్ళి బయట కూర్చోబెట్టారని అబద్ధం చెప్పి ఏడ్చిందీ తనే! ఇప్పుడు రాసేది చదివి నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా ఆ పిల్ల పక్కన ఎవర్నీ కూర్చోనివ్వలేదు. తను వచ్చి కూర్చుంటే బెంచీ మొత్తం లేచి వెనక్కి పోయేవాళ్ళం. డబ్బా విప్పితే అటు తిరిగేవాళ్ళం. ఆఖరికి గోడవార ఒక్కతే కూర్చునేది. నాకు కడుపు నిండినట్టుండేది. తను పెళ్ళయి ఊళ్ళోనే ఇందా పేటలో కాపురం పెట్టాక కూడా ఎదురుపడితే నేనే తల తిప్పుకున్నాను.

టీచరమ్మకి మళ్ళీ ఏ బడిలోనూ ఉద్యోగం రాలేదు. తమ్ముడి ఇంట్లో ముందుగది తీసుకుని ట్యూషన్లు చెప్పుకున్నారు. నేను నెలకోసారైనా వెళ్ళేదాన్ని. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చేవారు, కప్పులు ఉన్నా సరే. నేను సెక్రటరీ గారి మీద మొదలుపెట్టగానే "ఏటే, ఇంకా ఆయన్ని ఒగ్గలేదా? ముందు టీ తాగు" అనేవారు. లేచేటప్పుడు మాత్రం మర్చిపోకుండా ఒకటే అడిగేవారు. "ఆ పిల్ల ఎలగుంది? మాటాడినావా?"

"ఏ పిల్ల?" అనేదాన్ని. ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

ఒకసారి నా అదృష్టం పండింది. రిజర్వేషన్ బోగీలో సెక్రటరీ గారు మామూలు టికెట్‌తో కిటికీ పక్కన కూర్చుని దొరికారు. ముసలాయన, మన ఊరాయన, చూసీ చూడనట్టు పోవచ్చు. పోలేదు. నలుగురూ చూస్తుండగా లేపి, సంచీ చేతికిచ్చి, జనరల్ బోగీలోకి పంపించాను. ఆ సాయంత్రమే పరిగెత్తుకెళ్ళి టీచరమ్మకి చెప్పాను, సంబరపడతారని. ఆవిడ టీ కింద పెట్టేశారు.

"అక్కడ ఆయనకి కూకోడానికి సోటు దొరికిందా?"

తెలియదన్నాను. ఆవిడ ట్యూషన్ పిల్లల్ని లోపలికి పిలిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ కోసమే కదా తల్లీ ఇదంతా, అనుకుంటూ ఇంటికి వచ్చాను.

సభ ఆదివారం పొద్దున్న. హాల్లో కుర్చీలు నిండాయి. పాత విద్యార్థులు, చర్చి వాళ్ళు, ట్యూషన్ పిల్లలు. సెక్రటరీ గారు మైకు పట్టుకుని "ఆరోగ్యం బాగోక ఆవిడే ఉద్యోగం మానుకున్నారు, మేం ఎంత బతిమాలినా వినలేదు" అన్నారు. ఎంత తియ్యగా అన్నారో! రోజూ అబద్ధాలు వినే ఉద్యోగం నాది. అంత నున్నటిది నేను బండిలో కూడా వినలేదు.

నా వంతు రాగానే నమస్కారాలూ గట్రా ఏమీ పెట్టుకోలేదు. సోమవారం గీసిన గీత దగ్గర్నుంచి శనివారం దాకా అంతా చెప్పేశాను. "ఆవిడ మానుకోలేదు. ఈయన తీసేశారు. కూతురు చెప్పిన అబద్ధం పట్టుకుని తీసేశారు. కాదనమనండి" అన్నాను.

సెక్రటరీ గారు మైకు మళ్ళీ అందుకున్నారు. "నా పిల్ల ఏడ్సినాది. తండ్రిని. నువ్వయితే ఏటి సేత్తావు?"

"ముందు ఎందుకేడుస్తున్నావని అడుగుతాను."

చప్పట్లు. నిజం చెబుతున్నాను, నా జన్మలో అంత సుఖం ఎరగను.

చివరి వరసలోంచి ఒకావిడ లేచింది. తనే, సెక్రటరీ గారి అమ్మాయి. జుట్టు సగం నెరిసింది.

"నాన్నా, నేను అబద్ధం సెప్పలేదు. అసలు నీతో ఏటీ సెప్పలేదు. అన్నం తిననంటే నువ్వే అనీసుకున్నావు, బయట కూకోబెట్టినారని. నేను లోపలే ఉన్నాను. తల మీద సెయ్యేసి ఒట్టెట్టి, మర్నాడు నేనే దాన్ని బయటికి గెంటీసినానని ఏడ్సినాను." అందరూ వెనక్కి తిరిగి చూశారు. "ఆ శుక్రవారం సైకిల్ స్టాండ్ వెనకాల టీచర్ నన్ను సూసినారు. అంతా సెప్పీసినాను. 'నేను నేర్పాలనుకున్నది ఇదేనమ్మా. ఈ ఏడుపు నీది, ఎవుళికీ సెప్పక్కర్లేదు' అన్నారు. మర్నాడు అందుకే తప్పు తన మీద ఏసుకున్నారు. నేను అప్పుడు నోరు విప్పుంటే ఆవిడ ఉండీవారు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను."

సెక్రటరీ గారు కుర్చీలో కూలబడ్డారు. మైకు ఇంకా ఆయన నోటి దగ్గరే ఉంది. "అయితే ఆవిణ్ణి ఊరికినే తీసీసినానా?" అన్న మాట అందరికీ వినిపించింది.

పాతికేళ్ళు నేను ఎదురుచూసిన మాట అదే. ఆ క్షణంలో ఆయన మొహం చూడాలనే నేను సభకి వెళ్ళాను. కానీ చూడలేదు. తను నా వైపే చూస్తోంది.

"టీచర్ నిన్ను బయట కూకోబెట్టింది ఒక్క పీరియడ్" అంది. "నువ్వు నన్ను రెండేళ్ళు కూకోబెట్టినావు."

అంత మాట అని కూర్చుంది. ఎందుకేడ్చావని నేనైనా అడిగానా? టీచరమ్మ ఇన్నేళ్ళూ నన్ను పంపించాలని చూసింది ఎవరి దగ్గరికో అప్పుడు తెలిసింది.

చర్చి వాళ్ళు పాట ఎత్తుకున్నారు, అందరూ లేచారు. నేను కుర్చీల మధ్య నుంచి చివరి వరస దాకా నడిచాను. తన పక్క కుర్చీ ఖాళీగానే ఉంది, అందులో తన చేతిసంచి ఉంది. పాట అయిపోయింది, అందరూ కూర్చున్నారు. నేను ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాను. తను ఒకసారి తలెత్తి నన్ను చూసింది. సంచి మాత్రం తీయలేదు.