బోధన్‌లో నా సవతి

ఆ రోజుల్లో నాకొక గర్వం ఉండేది. నిజామాబాద్‌లో ఆలుమగల తగాదాలు వినే సెంటర్‌లో నేను ఆయాను. చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, ఎవరు ఏ చీర కట్టుకుని వచ్చి ఏమని ఏడ్చారో ఇప్పటికీ చెప్పగలను (చెప్పను, అది వేరే సంగతి). లోపల కౌన్సిలర్ మేడమ్ మొగుడూ పెళ్లాలతో మాట్లాడుతుంటే, బయట వాళ్ల పసిపిల్లలను చంకనేసుకుని నేను తిరిగేదాన్ని. మేడమ్ నాకంటే కొంచెం పెద్దది, నన్ను 'చెల్లే' అని పిలిచేది. తలనొప్పి వస్తే నా చేతి అల్లం చాయే కావాలనేది. ఊరందరి బాధలూ వినే మనిషికి మనసు విప్పుకోవడానికి నేనొక్కదాన్నే ఉన్నాననుకుని, కొత్త పెళ్లికూతురిలా మురిసిపోయేదాన్ని.

అలాంటిది, నెలకోసారి శనివారం పూట మేడమ్ బోధన్ బస్సెక్కడం మొదలుపెట్టింది. "సూపర్‌విజన్‌కు పోతున్న చెల్లే" అనేది. మా అమ్మ బీడీలు చుట్టేది. నాకు తెలిసిన సూపర్‌వైజరంటే కార్ఖానాలో కట్ట విప్పి, నచ్చని బీడీలను విరిచి పారేసేవాడు. పాపం, మా మేడమ్‌ను కూడా ఎవరో అలాగే విరిచి పారేస్తున్నారని జాలిపడి, మొదటిసారి దారిలో తినమని ఉడకేసిన శనగ గుడాలు కట్టిచ్చాను కూడా. కానీ సాయంత్రం తిరిగొచ్చిన మేడమ్ ముఖం తలంటు పోసుకున్నట్టు తేటగా ఉంది. తిట్లు తిన్న మనిషి అలా ఉంటుందా? ఉండబట్టలేక అడిగేశాను.

"ఆడ మా పెద్ద మేడమ్ ఉన్నది చెల్లే. ఈ పనిల నాకు తోచనిదంత, మనసుల గుచ్చుకునేదంత ఆమె ముంగట పెడ్త" అంది.

ఆ పూట మేడమ్ చాయ్‌లో అల్లం వేయలేదు. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పుకుంటే, ఆటో తుడుస్తున్నవాడు తుడవడం ఆపి మరీ నవ్వాడు. "అయితే నీకు బోధన్‌ల సవతి ఉన్నదన్నట్టే!" అన్నాడు. ఇక శనివారం వచ్చిందంటే, మేడమ్ పోయినా పోకున్నా, అదే పాట: "ఏమే, ఇయ్యాల నీ సవతి ఇంటికి పోయిందా మీ మేడమ్?"

ఒకరోజు నందిపేట్ నుంచి ఒక జంట వచ్చింది. లోపల మేడమ్ గొంతు లేచింది. ఎప్పుడూ లేవదు. వాళ్లు వెళ్లాక చూస్తే, ముట్టని చాయ్ ముందు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. ఇదే అదను అనుకున్నాను.

"నాకు చెప్పుండ్రి మేడమ్. బోధన్ దాక బస్సు కిరాయి ఎందుకు? నేన్ లేనా?"

"నీకు చెప్తే ఏమంటవు?"

"గా మొగోడే లుచ్చా అంట."

మేడమ్ నవ్వింది. "చూసినవా, నువ్వు నా దిక్కే మాట్లాడుతవు. నేనేడ తప్పుతున్ననో చెప్పేటోళ్లు గావాలె చెల్లే. అయినా ఒగల ఇంటి ముచ్చట నీకెట్ల చెప్త?"

ఓహో, తప్పులు చెబితే చాలా! మర్నాటి నుంచే మొదలుపెట్టాను. "మేడమ్, మీ కుచ్చిళ్లు వంకరున్నయ్." "మేడమ్, గా ముసలమ్మకు ముందుగాల నీళ్లియ్యాలె, తర్వాత అడగాలె." "మేడమ్, మీరు చాయ్ మస్తు తాగుతున్నరు." వారం గడిచేసరికి మేడమ్ నన్ను చూస్తేనే కొంగు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ శనివారం ఎప్పటికంటే ముందు బస్సుకే పోవడానికి తయారైంది. నేను కూడా చెప్పులేసుకున్నాను. "బోధన్‌ల మా చిన్నమ్మ ఉన్నది" అన్నాను (చిన్నమ్మ ఉన్నది మోర్తాడ్‌లో).

సవతి అంటే పట్టుచీరా, కళ్లద్దాలూ, గదినిండా పుస్తకాలూ ఊహించుకున్నాను. చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీలో, మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక ముసలామె జామచెట్టుకు నీళ్లు పోస్తోంది. మేడమ్‌ను లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరకు వేసింది. నేను అరుగు మీద కూర్చుని చెవులు రిక్కించాను. చాలాసేపటికి ఒక్క మాట వినిపించింది: "గప్పుడు నీకేమనిపించింది బిడ్డా?" దీనికోసమా ఇంత దూరం? ఈ మాత్రం నేను అడగలేనా? అంతలో లోపల మేడమ్ ఏడుపు, కాసేపటికి అదే గొంతులో నవ్వు. నా ముందు ఒక్కసారైనా ఏడవలేదే అని నాకు ఏడుపొచ్చింది.

బయటికొచ్చిన మేడమ్ నా పక్కన కూలబడి, "నా కోపం ఎవ్వల మీదనో గాదు చెల్లే, నన్ను గన్న మా బాపు మీద. గా నందిపేట్ మనిషి మా బాపు లెక్కనే మాట్లాడుతుండు, ఇన్నొద్దులు నాకే ఎరుకలేకపాయె" అంది. (తర్వాతిసారి ఆ నందిపేట్ మనిషి వచ్చినప్పుడు మేడమ్ గొంతు లేవలేదు. అతను మొదటిసారి తల వంచుకుని ఏదో చాలాసేపు చెప్పాడు.)

అప్పుడు జామకాయ కోస్తూ ఆ ముసలామె నావైపు తిరిగింది. "పిల్లలను ఎత్తుకునేది నువ్వేనా బిడ్డా? గంత ఏడుపు పొద్దంత ఇంటవు గదా, ఇంటికి పోయినంక అదంత ఏడ పెడ్తవు?"

పుట్టినప్పటి నుంచి నన్నెవరూ అడగని మాట అది. సవతి అడగాలా! నోరు తెరిచాను, అంతే. నా కొంగు వదలనని ఏడ్చిన పిల్లాడి గురించి, మొగుడు కొట్టిన ఆడమనిషి సెంటర్‌కు వచ్చిన ప్రతి రోజూ, ఎన్నడూ నా మీద చెయ్యెత్తని మా ఆయనకు కూరలో ఉప్పెక్కువ వేసి పగ తీర్చుకోవడం గురించి చెబుతూనే ఉన్నాను. ఆమె పకపకా నవ్వింది, నా కళ్లు తుడుచుకోమని తువ్వాల ఇచ్చింది. గల్లీ చివర్లో బస్సు హారన్ వినిపించి, దాటిపోయింది కూడా.

తలెత్తి చూస్తే గేటు పట్టుకుని మేడమ్. మూతి ముడుచుకుని ఉంది. ఆ మూతి నాకు బాగా తెలుసు, కొన్ని నెలలుగా అద్దంలో చూసుకుంటున్నదే.

"నా దగ్గరైతే ఒక్కనాడు గింతసేపు మాట్లాడలే నువ్వు" అంది తర్వాతి బస్సులో, కిటికీ వైపు తిరిగి.

"మీరడిగిండ్రా?" అన్నాను. ఎడపల్లి దాటాక, ముసలామె ఇచ్చిన జామకాయ కొంగులోంచి తీశాను. ఆ ఒక్క కాయనే ఇద్దరం కొరుక్కుని తిన్నాం.

ఇప్పుడు మేడమ్ వేరే జిల్లాలో తానే పెద్ద మేడమ్ అయింది. మొన్న శనివారం ఫోన్ చేస్తే, "కొత్త కౌన్సిలర్లు నలుగురు కూసున్నరు చెల్లే, మోకాలికి పట్టీ కట్టుకుని పొద్దటి సంది వాళ్ల ముచ్చట్లు ఇంటనే ఉన్న. రాత్రికి మాట్లాడ్త" అని పెట్టేసింది. చేతిలో అల్లం అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఒక్క సవతికే అంత ఉడికిపోయిన పిల్లకు, ఈ వయసులో నలుగురు! మా ఆయన వాకిట్లోంచి కేకేశాడు: "ఏమైందే?" ఆయన చాయ్‌లో అల్లం ఇంకాస్త ఎక్కువే దంచి వేశాను.