సిరా పోసే చెయ్యి

అంబాజీపేటలో ఒక లారీ ఆఫీసు. అందులో ముత్యాలరాజు ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమస్తాగా చేశాడు. కొబ్బరికాయల లోడు ఎక్కిన ప్రతి లారీకీ బిల్లు రాయడం ఆయన పని. బిల్లుకి నాలుగు కాపీలు, మధ్యలో మూడు కార్బన్ కాగితాలు. అన్నిటికన్నా అడుగున ఉన్నది డ్రైవరుది. దారిలో ఎవరైనా ఆపి చూసినప్పుడు అందులో అక్షరం కనబడకపోతే, ఆ డ్రైవరు వెనక్కొచ్చి తిట్టేది ఈయన్నే. అందుకని ఆయన బాల్ పెన్నుని పిడికిట్లో బిగించి, రాయడం మానేసి చెక్కడం మొదలెట్టాడు. రిటైరై రెండేళ్ళయినా ఆ నొక్కుడు పోలేదు. పాలవాడికి చీటీ రాస్తే, కింద పెట్టుకున్న క్యాలెండరు మీద కూడా ‘రేపు పాలు వద్దు’ అని అచ్చు పడేది.

గొంతూ అంతే. లారీల మోతలో పెరిగిన గొంతు, మెల్లగా మాట్లాడ్డం దానికి చేతకాదు. చివరికి ఆ గొంతే ఆయన కొంప ముంచింది.

ఆయనకి ఒక్కతే అక్క, సత్యనారాయణమ్మ. మురమళ్ళలో కొడుకూ కోడలితో ఉంటుంది. తమ్ముడికన్నా పదకొండేళ్ళు పెద్దది. తల్లి పొలానికి పోతే వీణ్ణి చంకనేసుకుని తిప్పిందీ, ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిందీ ఆవిడే. ఆరో తరగతిలో ఇంకుపెన్ను కొనిపెట్టింది. రోజూ పొద్దున్నే అందులో సిరా పోసి, మర బిగించి, వేళ్ళకంటిన సిరాని తమ్ముడి జుట్టుకి తుడిచి మరీ బడికి పంపేది. ఆ ఏడాదే ఆవిడకి పెళ్ళయింది. సిరా పోసేవాళ్ళు లేక ముత్యాలరాజు రెండు చొక్కాలు పాడుచేసి, దెబ్బలు తిని, బాల్ పెన్నుకి మారిపోయాడు.

ఇప్పుడావిడకి డెబ్బై మూడు. చెవులు బాగా తగ్గాయి. మిషను కొనిపెడితే, అది ఈల వేస్తోందని డబ్బాలో పెట్టి బీరువాలో దాచేసింది. మూడు నెలల కిందట మునిమనవడి బారసాలలో, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, తమ్ముణ్ణి ఏదో అడిగింది. చెప్పాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. నాలుగోసారికి ముత్యాలరాజు లారీ ఆఫీసు గొంతు తీశాడు. “ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వినపడి చావదా?” పంక్తి మొత్తం తలలు తిప్పి చూసింది. అక్కకి మాట సగమే వినపడి ఉంటుంది, మొహం మాత్రం పూర్తిగా కనపడింది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఆవిడ కోడలు అనితే ఎత్తుతుంది. “అత్తయ్యగారు పడుకున్నారండి, బాబాయిగారూ” అంటుంది. పొద్దున్న తొమ్మిదింటికి. ముత్యాలరాజుకి అర్థం కాక కాదు. వెళ్ళి కాళ్ళ మీద పడదామంటే, నోరు విప్పితే మళ్ళీ కేకే వెయ్యాలి. క్షమించమనే మాట వీధంతా వినేలా ఎవరు చెప్పగలరు? అన్నం ముందు కూర్చుంటే ఆ పంక్తి గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

“ఉత్తరం రాయండి” అంది భార్య భవానీదేవి.

“బాల్ పెన్ను గీత అక్కకి ఆనదే.”

“ఆయ్, నిజవేనండి. కంటి ఆపరేషనయ్యేక కూడా వదినగారికి సన్నక్షరాలు ఆనట్లేదు. లావుగా, నల్లగా ఉండాలి.”

స్కెచ్ పెన్ను తెచ్చి రాశాడు. భవానీదేవి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బావుందండి. అడుగున ‘హారన్ కొట్టండి’ అని కూడా రాసేస్తే లారీ వెనకాల తగిలించొచ్చు” అంది. ఆ కాగితం పొయ్యి కిందకి పోయింది.

అప్పుడు తట్టాడు ఏసుదాసు మాస్టారు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే కాలవగట్టు మీద ఈయనతో కలిసి నడుస్తాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక లావుపాటి నల్లటి ఇంకుపెన్ను ఉంటుంది. సంగతంతా విని, మర్నాడు రాజమండ్రిలో చేత్తో చేసిన పెన్నొకటి, నల్ల సిరాబుడ్డి, సిరా పోసే గొట్టం తెచ్చి చేతిలో పెట్టాడు. పాళీ వెడల్పుది.

ముత్యాలరాజు ‘అక్కా’ అని మొదలెట్టాడు. రెండో అక్షరానికే పాళీ రెండు కాళ్ళూ చాచేసింది.

“నొక్కకండి, రాజుగారూ” అన్నాడు మాస్టారు, దాన్ని గోటితో సర్దుతూ. “బాల్ పెన్నులో గుండు దొర్లాలి కాబట్టి నొక్కాలండి. ఇందులో సిరా దానంతటదే దిగుద్ది. మీరు దారి చూపిస్తే చాలు.”

“నాలుగో కాపీకి అంటదేమోనని అలవాటండీ.”

“మీ అక్కగారు ఒక్కరే కదండీ. నాలుగో కాపీ ఎవరికి?”

ఆ మాట ముత్యాలరాజు మనసులో నాటుకుంది. రోజూ భోజనాలయ్యాక వీధి గదిలో కూర్చుని, పెన్ను వేళ్ళ మీద ఊరికే ఆనించి అ ఆలు దిద్దేవాడు. చెయ్యి లొంగినా కాగితం లొంగలేదు. స్కూలు నోటుబుక్కు కాగితం మీద సిరా పీచులు పీచులుగా పాకేది. జిరాక్సు కాగితం మీద వెనక పేజీలోకి దిగిపోయేది. గీత గీసి, తిరగేసి చూసి కొనుక్కోమని మాస్టారు చెప్పాడు. ముత్యాలరాజు పెన్ను పట్టుకుని అమలాపురం వెళ్ళి, ఒక స్టేషనరీ షాపులో కౌంటరు ముందు నిలబడి, రకానికో గీత గీసి దీపం వెలుగులో తిరగేసి చూశాడు. షాపతను గంటసేపు ఓర్చుకుని, “కాగితం కొంటారా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా అండీ?” అన్నాడు. చివరికి కాస్త మందంగా, నున్నగా ఉన్న బాండు కాగితం కుదిరింది.

కుదరంది ఒక్కటే, సిరా పోయడం. ఎంత జాగ్రత్తగా పోసినా పెన్ను నిండి పొర్లేది. మర అడ్డంగా ఎక్కేది. పోసిన ప్రతిసారీ వేళ్ళు మూడు నల్లబడేవి. “మర తుడిచి, తిన్నగా బిగించండి” అని మాస్టారు పది సార్లు చెప్పాడు. పది సార్లూ ఆయ్ అన్నాడు.

నలభై రోజుల తరవాత ఒక పేజీ ఉత్తరం తయారైంది. నల్లగా, గుండ్రంగా, ఒక్క మరక లేకుండా ఉంది.

‘అక్కా, ఆ రోజు పంక్తిలో నీ మీద కేకేశాను. నీకు వినపడక కాదు, నాకు ఓపిక లేక. ఒక్క క అక్షరం నాకు నువ్వు ఎన్నిసార్లు దిద్దించావో. ఒక్కనాడూ విసుక్కోలేదు. తప్పు నాది.’

పోస్టులో వేసిన నాలుగో రోజు అక్క దగ్గర్నుంచి ఫోన్. ఆవిడకి అవతలి మాట వినపడదు కాబట్టి తను చెప్పాల్సింది గుక్కతిప్పుకోకుండా చెప్పింది. “ఉత్తరం అందింది. ఎవరిచేత రాయించేవురా? నీ రాత నాకు తెలీదా? తప్పయిపోయిందని చెప్పడానిక్కూడా కూలికి మనిషిని పెట్టుకున్నావా?” పెట్టేసింది.

ముత్యాలరాజుకి ముందు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, చివరికి నవ్వొచ్చింది. బాగా రాయడమే నేరమైపోయింది. ఆవిడ కళ్ళ ముందు రాసి చూపిస్తే తప్ప ఇది తేలదు.

మర్నాడు తెల్లచొక్కా తొడుక్కుని, పెన్ను నిండా సిరా పోసి జేబుకి పెట్టుకుని, కాగితాలూ సిరాబుడ్డీ సంచిలో వేసుకుని బయలుదేరాడు. అమలాపురంలో కాకినాడ బస్సెక్కి, మాటలు వల్లించుకుంటూ కూర్చున్నాడు. మురమళ్ళలో దిగుతుంటే కండక్టరు, “ఏవండీ, జేబు చూసుకోండి” అన్నాడు. జేబు, దాని కింద జానెడు మేర చొక్కా, నల్లగా తడిసి ఉన్నాయి. పెన్ను విప్పి చూస్తే చుక్క లేదు. దాన్ని పట్టుకున్నందుకు రెండు చేతులూ మణికట్టు దాకా నల్లబడ్డాయి. ఈ అవతారంతో ఇంటికి తిరిగిపోదామా అనుకున్నాడు. కానీ కాళ్ళు అక్క ఇంటి వైపే నడిచాయి.

సత్యనారాయణమ్మ వీధి అరుగు మీద కూర్చుని చీపురుకి కొబ్బరి ఈనెలు తీస్తోంది. తలెత్తి తమ్ముణ్ణి చూసింది. మొహం చూసింది, జేబు చూసింది, చేతులు చూసింది. కత్తి పక్కన పెట్టేసింది. ముందు పెదాలు బిగించింది, తరవాత ఆపుకోలేక ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. లోపల్నుంచి అనిత పరుగెత్తుకొచ్చింది.

“ఉత్తరం వీడే రాసేడే” అంది సత్యనారాయణమ్మ కోడలితో. “అరవయ్యేళ్ళు దాటేయి, సిరా పోసుకోడం ఇంకా రాలేదు వెధవకి.”

ముత్యాలరాజు నోరు విప్పబోయి, మూసేసుకుని, సంచిలోంచి సిరాబుడ్డి తీసి అక్క ముందు పెట్టాడు. ఆవిడ అనిత చేత పాతగుడ్డ తెప్పించుకుంది. పెన్ను మర తుడిచింది. గొట్టంతో సిరా పోసి, అంచుకి రెండు బియ్యపు గింజల ఎడం ఉండగానే ఆపింది. మర తిన్నగా ఎక్కించి బిగించి, తమ్ముడి చేతికిచ్చింది. యాభై ఏళ్ళు పైబడినా ఆ చేతికి లెక్క తప్పలేదు.

“రాయి” అంది. “నే చూస్తుండగా.”

ఆయన అరుగు మీద కాగితం పరిచి, నొక్కకుండా రాశాడు. ‘అక్కా, తప్పు నాది.’ ఆవిడ వంగి, ఒక్కో అక్షరం పాళీ కింద నుంచి పుట్టడం చూసింది. తరవాత పెన్ను లాక్కుని, దాని కిందే రాసింది. ‘అవును. అన్నం తిని వెళ్ళు.’

రాశాక వేళ్ళు చూసుకుంది. రెండు వేళ్ళకి సిరా అంటింది. పాతగుడ్డ పక్కనే ఉంది. ఆవిడ దాని వంక చూడనైనా చూడకుండా, చెయ్యి చాపి, ఆ సిరాని తమ్ముడి నెరిసిన జుట్టుకి తుడిచేసింది. ముత్యాలరాజు తల వంచి, రెండో వేలు కూడా తుడిచేదాకా కదలకుండా కూర్చున్నాడు.